ఒక కొటేషను చీటికి టీకాతాత్పర్యములు

అవతారిక

మెదకు సీమలోని కొలిచెలమ వంశమునకు కీర్తి తెచ్చిన మల్లినాథసూరి కాళిదాసాదుల కావ్యములకు వ్యాఖ్య రచించుచు, మూలమున లేనిదానిని వ్రాయననియు, అపేక్షితము కానిదానిని పలుకననియు నియమము పెట్టుకొనెను. ఆ మహానుభావునకు ఆ నియమము చెల్లినది. ఏలన, ఆయన చేతికి వచ్చిన గ్రంథములలో కవి తాను చెప్పదలచినదెల్ల చెప్పియే యుండెను. ప్రస్తుతము నా ముందున్న గ్రంథము అట్టిది కాదు. కర్నూలు నగరమందలి యొక కంప్యూటరు అంగడివారు, నందికొట్కూరు నుండి కే.జీ. రోడ్డు వెంబడి బస్సులో వచ్చిన యొక డిగ్రీ విద్యార్థికి, బిల్లు పుస్తకములోని కాగితము చించి దాని వెనుక బాల్‌పెన్నుతో వ్రాసి యిచ్చిన కొటేషను చీటి యిది. ఇందు క్రియాపదము లేదు. విభక్తి ప్రత్యయము లేదు. చెప్పినదానికంటె చెప్పనిదే హెచ్చు. ఇట్టి మూలమునకు మల్లినాథుని నియమముతో వ్యాఖ్య వ్రాయబూనినచో విద్యార్థి ధనము వ్యర్థమగును గాన, ఆ నియమమునకు సవినయముగా ఉద్వాసన చెప్పుచున్నాను.

మూలము

ఐ3 12100ఎఫ్, హెచ్610, 8 జీబీ, 1 టీబీ హెచ్‌డీడీ, క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్, 22 ఎల్‌ఈడీ, కీబోర్డు మౌస్ ఫ్రీ, జీఎస్టీ వేరే.

(ప్రతి పదమునకు ఎదురుగా ధర కూడ వ్రాయబడియున్నది. దానికి వ్యాఖ్య లేదు. 2025వ సంవత్సరాంతమున, కృత్రిమ మేధకై కట్టుచున్న మహాయంత్రశాలలు లోకమందలి మెమొరీ చిప్పులను కబళింపసాగిన తరువాత, ఆ గడిలోని అంకెలు వ్యాఖ్యాత సిరా ఆరులోపల మారిపోవుచున్నవి.)

ఉపోద్ఘాతము

వేర్వేరు దేశములలో, ఒకరి మొగము నొకరెరుగని కర్మాగారములలో పుట్టిన అంగములు కర్నూలులోని యొక బల్లపై కలిసికొని, మరమేకులు బిగించినంతనే యేకశరీరమగుట యెట్లు సంభవమైనది? 1981లో ఐబీఎమ్ సంస్థ తన పర్సనల్ కంప్యూటరును విపణిలో దొరకు భాగములతోనే కూర్చి, దాని నిర్మాణ రహస్యమును దాదాపుగా బహిరంగమొనర్చినది. 1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ అను కొలతను ప్రకటించి, ఏ బోర్డు ఏ పెట్టెలో నెచ్చట మేకు దిగవలయునో నిర్ణయించినది. అంతకుముందు, 1967లో హైదరాబాదున వెలసిన ఈసీఐఎల్ వంటి ప్రభుత్వ సంస్థలు కంప్యూటర్లు చేసిన కాలమున, గృహస్థుడు విడిభాగములను బేరమాడుట యన్నది ఊహకు సైతము అందని మాట. నేడు మన ప్రాంతపు పిల్లలు సికిందరాబాదు పార్క్‌లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరున కొక్కసారి, బెంగుళూరు ఎస్.పీ. రోడ్డున కొక్కసారి ధర విచారించి, మరల కర్నూలు అంగడికే వచ్చి, “ఆడ ఇంతకే ఇస్తాండారన్నా” అని బేరము మొదలిడుచున్నారు. ఈ గ్రంథమున కదియే దేశకాల పరిచయము.

ప్రతిపదార్థము

ఐ3 12100: ఇది ప్రాసెసరు. ఐ3, ఐ5, ఐ7 అనునవి గోత్రనామముల వంటివి. వానిని బట్టి మనిషి బలమెంతయో తెలియనట్లే, యంత్రబలమును తెలియదు. తెలియవలసినది వెనుకనున్న అంకెలలో మొదటి రెండు. 12 అనగా పండ్రెండవ తరము. 2022 జనవరిలో పుట్టినది. నాలుగు కోర్లు, ఎనిమిది త్రెడ్లు కలది. డిగ్రీ చదువునకును, కోడింగు అభ్యాసమునకును, అనూ ఫాంట్లతో శుభలేఖ కూర్చుటకును ఇది చాలియు మిగులును. ఈ స్థానమున ఐ5 వేయుమని పట్టుపట్టు బంధువులు కలరు. వారు కొని యిచ్చునెడల పుచ్చుకొనవచ్చును.

ఎఫ్: చివరనున్న యీ యొక్క అక్షరముపై ఆగవలయును. ఇది అభావమును తెలుపునది. ప్రాసెసరులో అంతర్గతముగా నుండవలసిన చిత్రభాగము, అనగా గ్రాఫిక్స్, ఇందు లేదని యర్థము. 2019 నుండి ఇంటెల్ వారు ఈ జాతిని కొంచెము చవుకగా విక్రయించుచున్నారు. శాబ్దబోధమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూడు కావలయునని తార్కికులు చెప్పుదురు. అందు మొదటిదైన ఆకాంక్ష ఇచట భగ్నమైనది. ఎఫ్ అనగానే, “అట్లయిన గ్రాఫిక్స్ కార్డు ఏది?” యను ప్రశ్న పుట్టును. చీటి యంతయు వెదకినను దానికి ప్రత్యుత్తరము లేదు. ఈ చీటి ప్రకారము కూర్చిన యంత్రము ప్రాణముతో నుండును, ఫ్యాను తిరుగును, దీపము వెలుగును, తెర మాత్రము నల్లగా నుండును. మరునాడు అంగడికి పోగా, “కార్డు ఎయ్యాల గదబ్బీ” యని చెప్పుదురు. ఆ కార్డు వెల, ఎఫ్ వలన మిగిలిన సొమ్మునకు ఎన్నియో మడుగులు. కావున ఎఫ్‌ను కొట్టివేసి ఉత్త 12100 అని చదువుకొనుటయే సాధుపాఠము. ఏఎమ్‌డీ పక్షపాతులు 2021లో వచ్చిన రైజెన్ 5 5600జీ యని పాఠాంతరము చెప్పుదురు. దానియందు ఆరు కోర్లును, మెరుగైన చిత్రభాగమును కలవు గాన, సాయంకాలము కొంచెము ఆటలాడు అలవాటు కల విద్యార్థికి అదియు గ్రాహ్యమే. అప్పుడు తరువాతి పదమైన బోర్డు కూడ మారవలయును.

హెచ్610, 8 జీబీ: ఇచట యోగ్యతకు సంబంధించిన సందేహము. హెచ్610 బోర్డులు డీడీఆర్4 మెమొరీకి కొన్ని, డీడీఆర్5 మెమొరీకి కొన్ని తయారగుచున్నవి. రెండింటి ర్యామ్ కడ్డీలకును 288 పిన్నులే యున్నను, నడుమ గంటు వేర్వేరు చోట్ల నుండుటచే ఒకదానిలో నింకొకటి దిగదు. చీటిలో “8 జీబీ” యని మాత్రమే యున్నది. ఏ తరమో చెప్పలేదు. బోర్డొక చోట, ర్యామొక చోట చవుకగా దొరకినదని కొని తెచ్చి, రెండింటిని ఎదురెదురుగా పెట్టుకొని కూర్చున్న వారిని నేనెరుగుదును. మరియు ఈ బోర్డులకు సామాన్యముగా ర్యామ్ గూళ్లు రెండే. చవుక యని నాలుగేసి జీబీల కడ్డీలు రెండు వేసినచో రెండు గూళ్లును నిండిపోవును, పెంచవలసి వచ్చిననాడు రెండును పారవేయవలయును. ఎనిమిదింటి కడ్డీ యొక్కటి నేడు వేసి, రెండవ గూడును ఉగాది వరకో, స్కాలర్‌షిప్ వచ్చువరకో ఖాళీగా నుంచుట వివేకము. ప్రాసెసరులోని చిత్రభాగము ర్యామునే పంచుకొని బ్రదుకునది గాన, రెండవ కడ్డీ వచ్చిననాడు దాని వేగము కన్నులకు తెలియునట్లు పెరుగును.

సన్నిధిని గూర్చి విస్తరింప పనిలేదు. భాగములన్నియు ఒకే వారమున కొనవలయును. బోర్డు మాఘమున, ప్రాసెసరు వైశాఖమున కొన్నవానికి, బోర్డు చెడినదని తెలియునప్పటికి మార్చి యిచ్చు గడువు దాటిపోవును.

1 టీబీ హెచ్‌డీడీ: తిరుగు పళ్లెము కల హార్డుడిస్కు. నిమిషమునకు 7,200 చుట్లు, అనగా సెకనునకు 120 చుట్లు తిరుగునది. వెదకిన అక్షరము సూదిక్రిందకి వచ్చుటకే సగటున నాలుగు మిల్లీసెకనులకు పైబడి పట్టును. విండోస్ వంటిది మేల్కొనునపుడు ఇట్టి వెదకులాటలు వేలకొలది జరుగును. తిరుగుడు లేని ఎస్‌ఎస్‌డీకి ఈ నిరీక్షణము లేదు. నాలుగు రెట్లు తక్కువ స్థలముండినను, 256 జీబీ ఎస్‌ఎస్‌డీయే వేయవలయును. మీ ప్రాసెసరును ఒక మెట్టు దించియైనను వేయవలయును. పెండ్లి వీడియోలు దాచుటకు పాత హార్డుడిస్కు ఎవరియింటనైన నుండకపోదు.

క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్: ఇది యీ గ్రంథమునకు గుండెకాయ. చీటియంతటిలోను పదమునకు పదమునకు సంబంధము చెప్పు అవ్యయము ఇదొక్కటియే, ‘విత్’. సహార్థకముతో కూడినది అప్రధానమని పాణిని సూత్రించెను. కుమారునితో కూడ తండ్రి వచ్చెననగా ప్రధానుడు తండ్రియే. ఆ వ్యాకరణము చొప్పున ఇచట రేకుపెట్టె ప్రధానము, దానివెంట ఊరక వచ్చు కరెంటు పెట్టె అప్రధానము. అంగడివారు పాణినీయమును చదువకయే పాటించుచున్నారు. ప్రాసెసరునకు పేరున్నది, బోర్డునకు పేరున్నది, ఎస్‌ఎంపీఎస్‌కు మాత్రము పేరు లేదు, ఊరు లేదు, వాట్లు లేవు.

దాని ప్రక్క అంటించిన కాగితముపై “450 వాట్లు” అని పెద్ద అక్షరములుండును. దానిని చదువరాదు. క్రింద చిన్న గడులలో 12 వోల్టుల గడిని చూచి, అందున్న ఆంపియర్లను 12చే గుణింపవలయును. 16 ఆంపియర్లని యున్నచో వచ్చునది 192 వాట్లు. 36 అని యున్నచో 432. మొదటిది 450 అని చెప్పుకొనుట కవుల అతిశయోక్తికి కూడ మించినది.

ఇచట పూర్వపక్షము కలదు. అంగడివాడు చెప్పును: “నీ మిషను మొత్తం నూటయాభై వాట్లు గూడ తినదు గదబ్బీ, దానికేంటికి మళ్లా మూడు వేలు పెట్టేది?” ఈ వాదము తేలికైనది కాదు. 12100 ఎంత వేగముతో పనిచేసినను 89 వాట్లకు మించదు. బోర్డు, ర్యాము, డిస్కు, ఫ్యానులు కలిపినను అతడు చెప్పిన లెక్క సరియే. సిద్ధాంతము: మనకు కావలసినది వాట్ల పరిమాణము కాదు, వాని శీలము. నందికొట్కూరు చుట్టు కేసీ కాలువ క్రిందను, బోర్ల క్రిందను మోటార్లు నడుచు వేళ సాయంకాలము బల్బు కాంతి తగ్గి, అవి ఆగిన క్షణమున ఒక్కసారి కనులు మిరుమిట్లు గొలుపుట ఎరుగనివారు లేరు. పేరులేని పెట్టెలో, వోల్టేజి మితిమీరినపుడు తాను తెగి ఇతరులను కాపాడు ఏర్పాటు ఉండదు, లేదా పేరునకుండును. అది పోవునపుడు ఒంటిగా పోదు, బోర్డును డిస్కును వెంటబెట్టుకొని పోవును. సహార్థము అప్పుడు తలక్రిందులగును. 80 ప్లస్ గుర్తు కలిగి, మూడేండ్లకు తగ్గని వారంటీ కలిగి, పేరున్న సంస్థ చేసిన 400 లేక 450 వాట్లది విడిగా కొనవలయును. రేకుపెట్టెను ఎస్‌ఎంపీఎస్ లేకుండ తీసికొనవలయును. పాత పెట్టెలలో వెనుక నొక ఎర్రని స్విచ్చు, 115 అనియు 230 అనియు ఉండును. పిల్లలు దానిని ముట్టకుండ టేపు వేయుట మంచిది, ఒకసారి 115 వైపు జరిపి స్విచ్చు వేసిన పిమ్మట రెండవసారి జరుపు అవసరముండదు.

ఇదే సందర్భమున మరొక మాట. నాపబండలు పరచిన పాత మిద్దె యిండ్లలో ప్లగ్గు మూడవ రంధ్రము వెనుక తీగ లేకుండుట సామాన్యము. ఎర్తు లేనిచోట ఎంత మేలైన ఎస్‌ఎంపీఎస్ పెట్టినను, క్యాబినెట్టు ముట్టినపుడు చేతికి చిమచిమ యనును. “కంప్యూటరు షాకు కొడుతోంది” అని అంగడికి మోసికొనిపోవుదురు. అంగడిలో ఎర్తు ఉన్నది గాన అచట కొట్టదు. ఇంటికి తేగా మరల కొట్టును. దీనికి మందు ఎలక్ట్రీషియను చేతిలో నున్నది. యూపీఎస్ విషయమున 600 వీఏ చాలును, 360 వాట్ల వరకు మోయును. దాని బ్యాటరీ రెండుమూడేండ్లకు మార్చవలసియుండునని తెలిసి కొనవలయును.

అలంకారము

క్యాబినెట్టునకు మూడు రంగుల ఫ్యానులును, ముందు అద్దపు తలుపును పెట్టి “గేమింగ్” అని పిలుచుట నేటి వాడుక. ముందు భాగమంతయు అద్దము మూసినచో గాలి వచ్చుదారి యేది? చైత్రవైశాఖములలో మన గదిలో 42 డిగ్రీలుండగా, లోపలి భాగములు ఆ 42కు పైని తమ వేడిని కలుపుకొనును. 25 డిగ్రీల ఏసీ గదిలో కొలిచి చూపిన లెక్కలు మనకు పనికిరావు. ముందు జాలీ గల నల్లని సాదా పెట్టె, ధూళి ఆపు వలయొకటి, లోపలికి గాలి లాగు ఫ్యానొకటి చాలును. నల్లరేగడి దుమ్ము మూడు నెలలకొకసారి తుడువకున్న ఎట్టి ఫ్యానైనను మొరాయించును.

పాఠాంతరము

వేరొక అంగడిలో, “ఐ7, 8 జీబీ, 256 ఎస్‌ఎస్‌డీ, గేమింగ్ క్యాబినెట్” అని, సగము ధరకే మరియొక చీటి దొరకినది. ఐ7 అనగా ఏ ఐ7? విచారింపగా 3770 అని తేలినది. మూడవ తరము, 2012 నాటిది. కోర్లు నాలుగు, త్రెడ్లు ఎనిమిది. లెక్కకు మన ఐ3కి సమానమే గాని, ఒక్కొక్క కోరు చేయు పనిలో పదేండ్ల దూరము కలదు. విండోస్ 11 దీనిని అంగీకరింపదు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్టు వారి సాధారణ పోషణ ముగిసినది. ఐనను దీనిని పూర్తిగా త్రోసిపుచ్చుట న్యాయము కాదు. లినక్సు వేసికొని, టైపు చేసికొని, పాఠములు వినుటకు మాత్రమే కోరువానికి, ఎస్‌ఎస్‌డీ ఉన్న ఆ ముసలి ఐ7 పనికివచ్చును. ఐ7 అను పేరునకు గాక, పాత సరకునకు తగిన ధర ఇచ్చి కొనవలయును.

శిష్టపదములు

22 ఎల్‌ఈడీ: 1080 గీతల తెర. హెచ్‌డీఎమ్‌ఐ తీగ డబ్బాలో నున్నదో లేదో చూచుకొనవలయును. కీబోర్డు మౌస్ ఫ్రీ: ఇది ప్రక్షిప్తము. ఉచితమని చెప్పిన వాని వెల పై పంక్తులలో ఎచ్చటనో దాగియుండును.

తాత్పర్యము

ఎఫ్ లేని 12100, తరము తెలిసిన బోర్డు, ఎనిమిది జీబీల కడ్డీ యొక్కటి, ఎస్‌ఎస్‌డీ, పేరుగల ఎస్‌ఎంపీఎస్, అద్దము లేని పెట్టె కొనవలయును. రంగుదీపములలో మిగిలిన సొమ్ము కరెంటు పెట్టెకు చేరవలయునని భావము.

జీఎస్టీ వేరే: ఈ కడపటి పదమునకు రెండర్థములు కలవు. వాచ్యార్థము, పన్ను 18 శాతము అదనము, ముప్పదివేల సరకునకు 5,400 రూపాయలు. వ్యంగ్యార్థము, బిల్లు వద్దన్నచో ఆ 5,400 ఇయ్యనక్కరలేదు. రెండవ యర్థమును గ్రహించినవారి ముఖమున నవ్వు పుట్టును. ప్రాసెసరునకు మూడేండ్లు, ఎస్‌ఎస్‌డీకి మూడు లేక ఐదేండ్లు వారంటీ యున్నది గాని, దానిని అడుగువాడు తేదీయు, సీరియలు నంబరును వ్రాసిన బిల్లు చూపవలయును. కావున బిల్లు వ్రాయించుకొని, ప్రతి భాగము సీరియలు నంబరును దానిపై ఎక్కించి, ఫోనులో ఫోటో తీసికొని, డబ్బాలు పారవేయక మిద్దెమీది గదిలో పెట్టుకొని, పిమ్మట నందికొట్కూరు బస్సెక్కవలయును.